రొయ్యల ల్యాబులో రెండు కంప్యూటర్ల కాపురం

ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి నెల్లూరులో చదివిన కంప్యూటర్ డిగ్రీ, రెండోది అమ్మ కట్టి ఇచ్చే టిఫిన్ క్యారియరు. మొదటిదానికన్నా రెండోదే నలుగురికీ ఎక్కువ పనికొచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. అప్పట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే మాత్రం వారం రోజులు వాళ్ళతో మాట్లాడేవాణ్ణి కాదు. లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ నా చెయ్యి పడాలని ఎదురుచూస్తున్నాయనీ, పాపం వాటికి మా ఇంటి అడ్రసు తెలియక ఊరుకున్నాయనీ నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి అంతమాత్రం నమ్మకం లేకపోతే పొద్దున్నే లేచి తల దువ్వుకోవడం కూడా కష్టమే. అలాంటి నన్ను మొట్టమొదట పనిలోకి పిలిచింది ఏ పెద్ద కంపెనీయో కాదు, తోటపల్లి గూడూరు దారిలో ఉన్న ఒక చిన్న రొయ్యల ల్యాబు.

రొయ్యల గుంటల్లో వదిలే పిల్లను మా వైపు సీడు అంటారు. కనురెప్ప వెంట్రుకంత ఉండే ఆ పిల్లకు జబ్బు ఉందో లేదో పరీక్ష చేసి కాగితం రాసివ్వడమే మా ల్యాబు పని. ఆ కాగితం చూసుకునే రైతు, పిల్లను పొదిగించి అమ్మే హేచరీలో సీడు కొంటాడు. జబ్బు పిల్ల గుంటలో పడిందంటే నెల తిరక్కుండా గుంట మొత్తం తెల్లగా తేలుతుంది, దాంతోపాటు రైతూ తేలతాడు. ల్యాబులో మనుషులం ముగ్గురమే. ముందు గదిలో రిపోర్టులు ప్రింటు తీసి ముద్ర కొట్టే రైటరు మామ (ఎవరికీ మామ కాదు, అందరికీ మామే), లోపలి గదిలో పరీక్షలు చేసే అక్క, ఆ రెండు గదుల మధ్య నేను. యజమాని సారు వారానికి ఒకసారి వచ్చి, ఫ్యాన్లు అనవసరంగా తిరుగుతున్నాయని చెప్పి వెళ్ళిపోయేవాడు.

అక్క గురించి ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథకు అర్థం లేదు. ఆమెది పక్క ఊరే. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక గానీ ల్యాబుకు వచ్చేది కాదు, వచ్చాక మాత్రం చివరి పరీక్ష అయ్యేదాకా కుర్చీ దిగేది కాదు. చిన్న చిన్న గొట్టాల్లో చుక్క చుక్కగా మందు వేసేటప్పుడు ప్రతి చుక్కకూ పరికరానికి కొత్త మొన తొడిగేది. ఆ సమయంలో లోకం తలకిందులైనా తల ఎత్తేది కాదు. ఒకసారి సారు వచ్చి వెనక నిలబడి పది నిమిషాలు మాట్లాడాడు. ఆమె చివరి చుక్క వేసి, తల తిప్పి, "ఎప్పుడొచ్చినారు సార్?" అని అడిగింది. ఆ పది నిమిషాల్లో జీతాలు పెంచుతానని గానీ చెప్పి ఉంటే అది కూడా పోయినట్టే.

లోపలి గదికి ఒక నియమం ఉండేది. గుమ్మం దగ్గర వెడల్పాటి ట్రేలో బ్లీచింగు నీళ్ళు. కాళ్ళు అందులో ముంచి, చేతులు కడుక్కుని, లోపలి చెప్పులు వేసుకుని గానీ అడుగు పెట్టకూడదు. బయటి నుంచి వచ్చిన వస్తువేదైనా ఆ నీళ్ళతో తడిపి తుడవాలి. గుంటల మీద కూడా అదే పద్ధతి. ఏ గుంట వల ఆ గుంటదే, ఏ గుంట బకెట్టు ఆ గుంటదే, వాడిన వెంటనే కడిగి బోర్లించాలి. ఒక గుంటలోని జబ్బు ఇంకో గుంటకు వెళ్ళేది చేతుల మీదుగానే అని అక్క చెప్పేది. నిజానికి నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఈ నియమం పుణ్యానే. లోపలి కంప్యూటర్లో ఉండే ఫలితాలను ముందు గదికి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవారు. ఒకరోజు రైటరు మామ పెన్‌డ్రైవ్ తీసుకుని లోపలికి వెళ్తూ, నియమం నియమమే కదా అని దాన్ని కూడా నిష్ఠగా బ్లీచింగు నీళ్ళలో ముంచాడు. ముంచి, పైకి తీసి, నీళ్ళు కారిపోయేలా విదిలించి మరీ కంప్యూటర్‌కు పెట్టాడట. ఆ మరుసటి వారమే కంప్యూటర్ తెలిసిన వాణ్ణి ఒకణ్ణి పెట్టుకోవాలని సారు నిర్ణయించాడు.

కొత్త పెన్‌డ్రైవ్ వచ్చింది, దాన్ని మోసే పని నాకు వచ్చింది. రోజుకు ఇరవై ముప్పై సార్లు కాళ్ళు బ్లీచింగులో ముంచుతుంటే, నెల తిరిగేసరికి నా పాదాలు మా వంశంలో ఎవరికీ లేనంత తెల్లబడ్డాయి. (మా అమ్మ సంతోషించింది, మొహానికి కూడా ఏదైనా అలాంటి ఉద్యోగం ఉంటే చూడమంది.) డిగ్రీ చదివింది కాళ్ళు కడుక్కోవడానికా అన్న బాధ నాలో మొదలైంది. రెండు కంప్యూటర్ల మధ్య ఒక వైరు లాగి, ఒకదాని ఫోల్డరు రెండోదానిలో కనబడేలా చేస్తే చాలు, పెన్‌డ్రైవూ వద్దు, బ్లీచింగూ వద్దు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదంటే నేను రావలసి ఉండబట్టే అనుకున్నాను.

చిక్కల్లా ఏమిటంటే, ఆ రెండు కంప్యూటర్లదీ ఒక కులం కాదు. ముందు గదిలోది విండోస్. లోపలిది లైనక్స్, ఎందుకంటే సారు స్నేహితుడెవరో దాన్ని ఉచితంగా ఎక్కించి ఇచ్చాడు. ఉచితమంటే మా సారు విషం కూడా రుచి చూసే రకం. ఈ రెంటినీ మాట్లాడించడానికి శాంబా అనే ప్రోగ్రాము ఒకటి ఉంటుందని నాకు కాలేజీలో చదివిన గుర్తు. గంటలో అయిపోతుందని ప్రకటించి, కిటికీ ఊచల మధ్య నుంచి వైరు లాగాను. మొదటి రోజంతా ఒకదానికొకటి కనబడలేదు. రెండింటికీ వర్క్‌గ్రూపు పేరు ఒకటే ఉండాలని రెండో రోజు మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. పేరు మార్చాక విండోస్‌లో లోపలి కంప్యూటర్ బొమ్మ కనబడితే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దాని మీద నొక్కితే పాస్‌వర్డు అడిగింది. ఇచ్చాను. తప్పంది. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ తప్పంది. పెద్దక్షరాలతో, చిన్నక్షరాలతో, నిదానంగా, కోపంగా, చివరికి కళ్ళు మూసుకుని కూడా ఇచ్చి చూశాను.

మూడో రోజు అక్క ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య తలెత్తి, "ఏందబ్బయ్యా, అట్టా తిట్టుకుంటుండావు?" అని అడిగింది.

"ఈ కంప్యూటర్లో మన పేరుంది, పాస్‌వర్డూ కరెక్టే. అయినా బయట నించి పోతే రానీయడం లేదక్కా."

"మనింటి మనిషైనా కాళ్ళు కడగకుండా ఈ గదిలోకి రానిస్తామా? దానికీ అట్టాంటి పద్ధతి ఏదన్నా వేరే ఉండాదేమో చూడు," అని మళ్ళీ గొట్టాల మీదకు వంగింది.

నేను నవ్వాను. నవ్వి, పోనీ చూద్దామని వెతికితే, నిజంగానే ఉంది. లైనక్స్‌లో మనిషికి ఉండే పాస్‌వర్డు వేరు, శాంబా గుమ్మం దాటడానికి విడిగా చేర్పించవలసిన పాస్‌వర్డు వేరు. ఒక్క లైను టైపు చేసి పేరు చేర్చగానే తలుపు తీసినట్టు తెరుచుకుంది. మూడు రోజులు నేను తల బాదుకున్న చోట, కీబోర్డు ముట్టని మనిషి సరిగ్గా వేలు పెట్టి చూపింది. నేను మాత్రం, "దొరికిందక్కా, చిన్న సెట్టింగు," అని ఊరుకున్నాను. ఆ చిన్న సెట్టింగు ఎవరు చెప్పారన్న విషయం సారుకు చెప్పే విజయగాథలో ఎక్కడా రాలేదు.

పని కావాలన్న తొందరలో ఆ ఫోల్డరుకు అన్ని అనుమతులూ ఇచ్చేశాను. ఎవరైనా చూడొచ్చు, రాయొచ్చు, తీసెయ్యొచ్చు. 'ఈరోజు' అని దానికి పేరు పెట్టి రైటరు మామను పిలిచి చూపించాను. "మామా, మీకేం తేడా ఉండదు. ఇన్నాళ్ళూ పెన్‌డ్రైవ్ తెరిచినట్టే దీన్ని తెరవండి, ప్రింటు కొట్టుకోండి. అంతే." గుమ్మం అవతల నుంచి అక్క అడిగింది, "ఆయన అక్కడ చెరిపితే ఇక్కడ ఉంటాదా, పోతాదా?" నేను చాలా ఉదారంగా, "అదంతా సిస్టమ్ చూసుకుంటాదిలే అక్కా," అన్నాను. సిస్టమ్ అంటే ఎవరో నాకూ తెలియదు. అక్క ఏదో అనబోయి, గడియారం మోగితే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిది శాంపిళ్ళు వచ్చాయి. తొమ్మిదోది ఒక భార్యాభర్తలది. మేము ఆయన్ను పడవన్న అనేవాళ్ళం, ఎందుకంటే మొన్నటిదాకా ఆయనది సముద్రం మీద వేట. పడవలో తన వాటా అమ్ముకుని, మొదటిసారిగా ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. నీళ్ళు పెట్టి, పిల్లకు మేతగా పాచి పెరిగేలా నీటికి రంగు తెప్పించి, సీడు కోసం సిద్ధంగా ఉన్నాడు. హేచరీలో వాళ్ళు చూసుకున్న తొట్టి సీడును ఆ సాయంత్రమే ప్యాకింగు చేయాలి. నాలుగింటిలోగా రిపోర్టు చూపించకపోతే ఆ తొట్టి ఇంకొకరికి పోతుంది. మళ్ళీ సీడు దొరికేదాకా ఆగితే తెప్పించిన నీటి రంగు పాడవుతుంది. రిపోర్టు లేకుండా తెచ్చుకుంటే, జబ్బు ఉందో లేదో దేవుడికెరుక. ఆయన భార్య శాంపిలు సీసాను చంటిపిల్లలా రెండు చేతులతో పట్టుకుని ఆటోలో వచ్చింది.

పదకొండున్నరకు అక్క పరీక్షలన్నీ ముగించి, ఫలితాల ఫొటోలు ఫోల్డరులో పెట్టింది. నేను ఆమె వెనక నిలబడి చూశాను. ముందు గదిలో మామ దర్జాగా ఒక్కొక్కటీ తెరిచి ప్రింటు కొడుతున్నాడు. నేను రైతులకు వినబడేంత గొంతుతో, పెన్‌డ్రైవుల కాలం పోయిందని ఎవరూ అడక్కుండానే వివరిస్తున్నాను. ఎనిమిది కాగితాలు వచ్చాయి. తొమ్మిదోది ప్రింటర్లో ఇరుక్కుంది. మామ నలిగిన కాగితాన్ని లాగి పక్కన పెట్టి, వచ్చిన వాటికి ముద్రలు కొట్టి, పేర్లు పిలిచి ఇచ్చి, ఆ తర్వాత రోజూ చేసే పని చేశాడు. అంటే, మొత్తం చెరిపేశాడు. పెన్‌డ్రైవ్ రోజుల నుంచీ ఆయనకు అదే అలవాటు. నిన్నటి కాగితం ఇవాళ్టి రైతుకు పొరపాటున వెళ్ళకూడదని, ప్రింటు కాగానే పెన్‌డ్రైవ్ ఖాళీ చేసేవాడు. గుంటకు వాడిన బకెట్టును కడిగి బోర్లించినట్టన్నమాట. ఆ అలవాటు అక్కే నేర్పింది కూడా.

కాసేపటికి పడవన్న కౌంటరు దగ్గరకొచ్చి, "మాది రాలేదు మామా," అన్నాడు. మామ ఫోల్డరు తెరిచాడు. ఖాళీ. లోపలి కంప్యూటర్లో ఉంటుంది కదా అని నేను నవ్వుకుంటూ కాళ్ళు ముంచుకుని లోపలికి వెళ్ళాను. అక్కడా ఖాళీ. ముందు గదికి తిరిగొచ్చి విండోస్ రీసైకిల్ బిన్ చూశాను. వైరు మీదుగా చెరిపినవి అక్కడికి రావని ఆ క్షణంలో, అనుభవపూర్వకంగా తెలుసుకున్నాను. లైనక్స్ చెత్తబుట్ట కూడా శుభ్రంగా ఉంది. ఫలితం గీతలుగా తేలే పరీక్ష పలకను ఫొటో తీశాక బ్లీచింగు డ్రమ్ములో పారెయ్యడం నియమం, కాబట్టి అదీ లేదు. మా ల్యాబులో శుభ్రతకు లోటు రానిచ్చే మనిషి ఒక్కరూ లేరు.

"నువ్వే గదా పిలకాయ్, తేడా ఏం ఉండదన్నావు," అన్నాడు మామ. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నాకు ఒక ఉపాయం తోచింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. లోపలికి వెళ్ళి, గొంతు తగ్గించి, "అక్కా, నేను చూసినాను. తొమ్మిదికి తొమ్మిదీ నెగిటివే. ఒక కాగితం టైపు చేసిచ్చేస్తే సరిపోద్ది," అన్నాను.

అక్క, "నాకూ అట్నే గుర్తుండాది," అంది.

"మరింకేంది?"

"గుర్తు మీద నేను సంతకం పెట్టను."

అంతే. ఆ మాటలో కోపం లేదు, ఉపన్యాసం లేదు. లేచి ఫ్రిజ్ తెరిచింది. ప్రతి శాంపిలులో సగం తీసి సీసాలో దాచడం ఆమె అలవాటు. నెలనెలా ఆ సీసాల కోసం ఫ్రిజ్ పెద్దది కావాలని అడగడం, సారు విననట్టు ఫ్యాన్ల వైపు చూడటం మామూలే. తొమ్మిదో నంబరు సీసా బయటికి తీసింది. తర్వాత హేచరీకి ఫోను చేసింది. "అన్నా, పరీక్ష మళ్ళీ పెడతుండా. మా వల్లే ఆలస్యం. నాలుగు దాకా ఆ తొట్టి ఎవరికీ ఈయబాకండి." అవతలి మనిషి ఏమన్నాడో వినబడలేదు గానీ, ఆమె ఇంకో మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. సారు ఫోను చేస్తే సవాలక్ష ప్రశ్నలడిగే మనిషి అతను. ఆ ఊళ్ళో ఆమె మాటకు ఉన్న విలువ నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

"పొయ్యి వాళ్ళకి చెప్పు," అంది నాతో.

"ఏమనక్కా?"

"జరిగింది జరిగినట్టు."

గుమ్మం నుంచి కౌంటరుకు పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగుల్లో నేను నాలుగు అబద్ధాలు తయారుచేసుకున్నాను. వాటిలో అన్నిటికన్నా బాగున్నది కరెంటు పోయిందన్నది. కానీ పడవన్న నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. సారు చెప్పినట్టు అది నిజంగా అనవసరంగానే తిరుగుతోంది. చేసేదిలేక, నేను పెట్టిన ఏర్పాటు వల్ల వాళ్ళ రిపోర్టు చెరిగిపోయిందనీ, అక్క మళ్ళీ పరీక్ష పెట్టిందనీ, మూడు గంటలు పడుతుందనీ చెప్పేశాను. పడవన్న గోడ గడియారం వైపు చూశాడు. ఆయన భార్య మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, "మళ్ళా చెరిగిపోతే?" అంది.

"పోదమ్మా."

"నీకెట్టా తెలుసు?"

నాకు తెలియదు. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నెల రోజుల్లో మొదటిసారి, ఎవరు ఏం చేస్తారో ఒక కాగితం మీద రాసుకున్నాను. అక్క పెడుతుంది. మామ చూస్తాడు, ప్రింటు కొడతాడు, కానీ ఏదీ మార్చడు. అలాంటప్పుడు మామకు చూసే అనుమతి ఒక్కటి చాలు. సెట్టింగుల్లో ఆ లైను మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు. రెండు నిమిషాల పనిని ముందే చేయకుండా, ఒక సంసారాన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. తర్వాత ఒక ఖాళీ ఫైలు పెట్టి, చెరపమని మామను పిలిచాను. మామ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను నొక్కను పిలకాయ్. ఇందాక నొక్కిందానికే ఒళ్ళంతా చెమట పట్టింది," అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు.

"నేను నొక్కుతా, చూపించు," అంటూ పడవన్న భార్య కౌంటరు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చూపించిన మీట నొక్కింది. అనుమతి లేదని కంప్యూటర్ చెప్పింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేదంది. గట్టిగా నొక్కితే ఏమైనా లొంగుతుందేమోనని ఇంకో మూడు సార్లు బలంగా నొక్కి చూసింది. "చెరపనీయనంటుండాది," అని మొగుడితో చెప్పి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నా జీవితంలో నా పనిని అంత కచ్చితంగా పరీక్షించిన మనిషి మళ్ళీ ఎదురుపడలేదు.

లోపల అక్క మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. నా క్యారియరు ఇస్తే కళ్ళతోనే వద్దంది. అదే నిదానం, చుక్కకో కొత్త మొన. తెలిసిన ఫలితమే అని ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు. పోల్చి చూసుకోవడానికి జబ్బున్న శాంపిలు ఒకటి, ఏమీ లేనిది ఒకటి పక్కన పెట్టి, మొదటిసారి చేస్తున్నట్టే చేసింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, నాలో అంతదాకా ఉన్న గర్వం మెల్లగా పక్కకు జరిగి, ఆ చోటులోకి గౌరవం వచ్చి కూర్చుంది. పని తెలిసిన మనిషి ఎలా ఉంటుందో నేను కాలేజీలో చూడలేదు, అక్కడ చూశాను.

మూడుంపావుకు ఫలితం వచ్చింది. నెగిటివ్. మేమిద్దరం గుర్తుపెట్టుకున్నదే.

"చూసినావా అక్కా, అప్పుడే ఇచ్చుంటే సరిపోయేది గదా," అన్నాను, నోరు ఊరుకోక.

ఆమె ఫొటో ఫోల్డరులో పెట్టి, కలం మూత తీస్తూ, "ఇప్పుడు ఇస్తుండాం గదా," అంది. మామ ప్రింటు తీశాడు. కాగితం ఇరుక్కోకుండా రెండు చేతులతో పట్టి మరీ తీశాడు. అక్క సంతకం పెట్టింది. పడవన్న కాగితాన్ని జేబులో పెట్టుకుని, మామ మోటారు సైకిలు అడిగి తీసుకుని, భార్యను ఎక్కించుకుని హేచరీ వైపు వెళ్ళాడు. నాలుగుకు పది నిమిషాలు ఉందనగా పడవన్న ఫోను చేశాడు, తొట్టి వాళ్ళకే ఉందని. మామ ముద్రను తన తువ్వాలుతో తుడిచి, డబ్బాలో పెట్టి, ఆ రోజుకు ఇక ఎవరూ రాకూడదని కోరుకున్నాడు.

ఇప్పుడు నేను నెల్లూరులో ఆసుపత్రులకూ, రైసు మిల్లులకూ కంప్యూటర్లు కలిపే పని చేస్తుంటాను. కీబోర్డు ముట్టకముందే, మీలో ఎవరు ఏం చేస్తారు, చేశాక ఏం చెరుపుతారు అని అరగంట అడుగుతాను. ఈ ప్రశ్నలేంటని విసుక్కునేవాళ్ళు ఉంటారు. ఆ విసుగులో ఒక కుర్రాడు తెల్లటి పాదాలతో నిలబడి కనిపిస్తాడు, వాడి మీద కోపం రాదు.

ఇది రాశాక, అచ్చుకు ఇచ్చే ముందు అక్కకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. ఆమె ఇప్పుడు సొంతంగా ల్యాబు నడుపుతోంది. మధ్యలో ఎక్కడా అడ్డురాకుండా వింది. అయిపోయాక, ఆ రోజు వచ్చిన శాంపిళ్ళు తొమ్మిది కాదు, పదకొండు అని చెప్పింది. పడవన్న వాళ్ళది తొమ్మిదోది కాదు, ఆఖరుది. తొట్టి సంగతి ఫోను చేసి చెప్పింది ఆయన కాదు, ఆయన భార్య. నేను అన్నీ రాసుకుంటూ, ఇంకేమైనా తప్పులున్నాయా అని అడిగాను. అవతల గొట్టాలు సర్దుతున్న చప్పుడు వినబడింది.

"తప్పు గాదు అబ్బయ్యా, ఒకటి వదిలేసినావు," అంది నెమ్మదిగా. "వాళ్ళకి చెప్పేసొచ్చి, ఫ్రిజ్ వెనకాల నిలబడి ఏడ్చినావు. నేను చూడలేదనుకున్నావేమో. అది గూడా రాయి. ఆ రోజే నీకు పని పట్టుబడతాదని అనుకున్నా."